బాబు మాటల గురించి మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

బాబుకు మూడున్నరేళ్లు వచ్చినా రెండేసి మాటలు దాటి మాట్లాడడం లేదనీ, "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి, తొందరెందుకు" అని ఇంటిల్లిపాదీ అంటున్నా వినకుండా వచ్చే వారం స్పీచ్ థెరపిస్టు దగ్గరకు తీసుకువెళ్లాలని నిశ్చయించుకున్నావనీ మీ అమ్మ చెప్పింది. అంతమందికి ఎదురు నిలబడ్డందుకు గర్వపడ్డాను. కానీ వినికిడి పరీక్ష మాటే ఎవరూ ఎత్తలేదని తెలిసి కలవరపడి ఈ ఉత్తరం రాస్తున్నాను.

రెండేళ్లకు రెండు మాటలు కలపడం, మూడేళ్లకు చిన్న చిన్న వాక్యాలు, నాలుగేళ్లకు కొత్తవారికి కూడా చాలావరకు అర్థమయ్యేలా మాట్లాడడం సాధారణంగా ఆశించేవి కనుక, నీ ఆందోళన అతి కాదు. ఈ వయసులో 'ర' పలకకపోవడం పట్టించుకోవలసిన సంగతి కాదు. ఇంట్లో రెండు భాషలు మాట్లాడడం వల్ల మాట ఆలస్యం కాదు, ఏ భాషనూ మానవద్దు.

పుట్టినప్పుడు చేసిన వినికిడి పరీక్షలో బాగానే ఉందన్నారని నువ్వు అనవచ్చు. అది ఆనాటి సంగతి మాత్రమే చెబుతుంది. తరచూ జలుబు చేసే పిల్లలకు కర్ణభేరి వెనుక నీరు చేరి, నొప్పీ జ్వరమూ లేకుండానే నెలల తరబడి నిలిచిపోవచ్చు. అప్పుడు వినికిడి పూర్తిగా పోదు, మందగిస్తుంది. అదీ ఒకనాడు ఎక్కువ, ఒకనాడు తక్కువ. అందుకే ఇంట్లోవాళ్లు పోల్చుకోలేరు.

మీ పెద్దనాన్నగారింట్లో జరిగింది ఇదే. వాళ్ల చిన్నవాడు తలుపు దభాలున పడితే ఉలిక్కిపడేవాడు కాబట్టి చెవులకేమీ లోపం లేదని అన్నయ్య తేల్చేశాడు. వదిన ఎదురుగా కూర్చుని అడిగితే టక్కున జవాబు చెప్పే పిల్లవాడు, ఆవిడ అటు తిరిగి అదే మాట అడిగితే బొమ్మల మీంచి తల ఎత్తేవాడు కాదు. దాన్ని మొండితనమన్నారు. మాటల్లో 'స' లాంటి సన్నని శబ్దాలు జారిపోతుంటే ముద్దుమాటలని మురిసిపోయారు. పిలిస్తే పలకలేదని వాడు తిన్న చీవాట్లు తలచుకుంటే అన్నయ్య మీద నాకు ఇప్పటికీ కోపమే. ముందు వరుసలో కూర్చోబెడితే చెప్పినది చేస్తున్నాడు, వెనుక కూర్చోబెడితే చేయడం లేదని బడిలో టీచరు కనిపెట్టి చెప్పాక గానీ ఈ.ఎన్.టి. డాక్టరు గడప తొక్కలేదు. చూస్తే రెండు చెవుల్లోనూ నీరే. చిన్న ఆపరేషను చేసి కర్ణభేరిలో సన్నని గొట్టాలు అమర్చారు. ఇంటికి వచ్చిన రోజున వాడు ఫ్యాను గోల చేస్తోందని విసుక్కున్నాడట. అయినా మాటలు ఒక్కసారిగా రాలేదు. వినకుండా పోయిన కాలాన్ని థెరపీలో కూడదీసుకోవలసి వచ్చింది.

కాబట్టి థెరపీ మానవద్దు గానీ, దానితోపాటే ఆడియాలజిస్టు (వినికిడి పరీక్షలు చేసే నిపుణులు) చేత టింపనోమెట్రీ, అంటే కర్ణభేరి సరిగా కదులుతోందో లేదో, దాని వెనుక నీరు ఉందేమో చూసే పరీక్ష, ఆటలా చేయించే వినికిడి పరీక్ష రెండూ చేయించు. ఆ రోజు జలుబుగా ఉంటే వాళ్లకు చెప్పు. కొత్త గదిలో పిల్లలు నోరు మెదపరు కనుక, ఇంట్లో ఆడుకుంటూ మాట్లాడేటప్పుడు చిన్న వీడియో తీసి ఉంచుకో. వచ్చిన మాటలు పోతున్నా, వస్తువులను వేలితో చూపించకపోయినా ఆ సంగతి పిల్లల డాక్టరుకు వెంటనే చెప్పాలి.

'నీళ్లు అంటేనే ఇస్తాను' అని గ్లాసు వెనక్కి లాగుతున్నావట. ఇంటిని పరీక్ష హాలు చేయకు తల్లీ. వాడు "నీళ్లు" అంటే "చల్లటి నీళ్లు కావాలా" అని ఒక మాట చేర్చి ఇచ్చెయ్యి. ఏదైనా అడిగాక వాడు నోరు తెరిచేదాకా ఓపిక పట్టు. ఫోనులో చూపించే వీడియోలు చేయలేని పని అదే, అవి ఎవరి జవాబు కోసమూ ఆగవు. నీకు కన్నీళ్లు వచ్చే పూట వాణ్ని ఎత్తుకుని ఊరికే కబుర్లు చెప్పు, ఆ పూట నేర్పకపోయినా నష్టం లేదు.

మీ అత్తగారితో వాదన పెట్టుకోకు. పరీక్షకు ఆవిడనే వెంట తీసుకువెళ్లు. బాబు ఏ శబ్దానికి తల తిప్పాడో, దేనికి తిప్పలేదో దగ్గరుండి చూస్తే నువ్వు నచ్చజెప్పవలసిన పని తగ్గుతుంది. అపాయింట్‌మెంటు ఏ రోజు దొరికిందో తెలియజెయ్యి, నేనూ వస్తాను.

ఇట్లు,
మీ అత్తయ్య