లైవ్ క్లాసులో చేరబోతున్న అమ్మడికి

అమ్మడూ, ఆశీస్సులు.

రియల్ ఎస్టేట్ ఏజెంటు కోర్సు ఆన్‌లైన్‌లో లైవ్‌గా చేస్తానంటున్నావు, మంచిదే. కాకపోతే లైవ్ క్లాసుకు ఫీజు కట్టేది రెండింటికి: సారును ఆపి అడగడానికి, పదిమంది ముందు నోరు విప్పడానికి. ఆ రెండూ చేయని వాళ్లకు రికార్డు వీడియోలు చాలు.

ముందు మీ ప్రాంతంలో ఏజెంట్లకు లైసెన్సు ఇచ్చే సంస్థ దగ్గరున్న జాబితాలో ఈ కోర్సు పేరుందో లేదో చూడు. కోర్సు అమ్మేవాళ్ల మాట మీద ఉండిపోకు. క్లాసుకు ఎంతమంది, ఒక రోజు తప్పితే మళ్లీ ఎప్పుడు పెడతారు, సర్టిఫికెట్ ఎన్నాళ్లు చెల్లుతుంది, పరీక్ష ఫీజు కలిసే ఉందా అన్నవి మెయిల్లో రాయించుకో. ముప్ఫైమంది దాటిన క్లాసులో నీ సందేహం చాట్‌లో ఎక్కడో కిందికి పోతుంది.

ఇన్ని గంటలు హాజరు కావాలన్న నిబంధన ఉన్నచోట హాజరే అసలు గండం. కెమెరా ఆపేసినా, ముఖం కనపడకపోయినా, మధ్యలో అడిగే చిన్న ప్రశ్నకు జవాబు నొక్కకపోయినా ఆ సమయాన్ని హాజరు లెక్కలోంచి తీసేసేవాళ్లున్నారు. రికార్డింగు చూస్తే సరిపోతుందని అనుకోకు. ఫోన్లో వద్దు, ల్యాప్‌టాప్ పెట్టుకో. కాల్ వచ్చిందంటే ఫోన్లో క్లాసు ఆగిపోతుంది. వీలైతే వైఫై బదులు కేబుల్ తగిలించు. నెట్ పోతే అప్పటికప్పుడు వెతుక్కోకుండా హాట్‌స్పాట్‌ను ముందురోజే కలిపి చూడు. వీడియో క్లాసు గంటకు 1 నుంచి 2 జీబీ దాకా లాగేస్తుంది. స్క్రీన్ మీద నీ పేరు గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఉండాలి, ముద్దుపేరు పనికిరాదు.

పరీక్షలో చాలామంది తడబడేది లెక్కల్లో. ఇవేం పెద్ద లెక్కలు కావు, తొందరలో దెబ్బతీస్తాయంతే. కమిషన్ 6 శాతం పోను తన చేతికి 47 లక్షలు రావాలని యజమాని అన్నాడనుకో. ధర ఎంత చెప్పాలి? చాలామంది 47కు 6 శాతం కలిపి 49,82,000 అంటారు. ఆ ధర మీద 6 శాతం తీసి చూడు, అతనికి మిగిలేది 46,83,080. కమిషన్ అమ్మకపు ధర మీద కడతారు కాబట్టి 47 లక్షలను 0.94తో భాగించాలి, అప్పుడు 50 లక్షలు. కొలతల్లోనూ ఇలాంటి మెలిక ఒకటుంది: 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్న స్థలం 1,800 చదరపు అడుగులు. గజానికి మూడు అడుగులు కదా అని 3తో భాగిస్తే 600 వస్తుంది. చదరపు గజానికి 9 చదరపు అడుగులు, అంటే 200 గజాలు. ఎకరానికి 4,840 చదరపు గజాలు, హెక్టారుకు 10,000 చదరపు మీటర్లు. ఈ రెండూ నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. క్లాసులో సారు లెక్క చేస్తుంటే చూస్తూ కూర్చోకు. మైకు ఆపుకుని కాగితం మీద నువ్వే ముందు చెయ్యి, ఆయన జవాబుతో తేడా వస్తే అక్కడే ఆపి అడుగు.

చట్టం పాఠంలో నిర్వచనాలు బట్టీ పడితే లాభం లేదు. ప్రతి ప్రశ్నలోనూ ‘నేనిక్కడ ఎవరి తరఫున ఉన్నాను?’ అని చూసుకో. అమ్మేవాడి ఏజెంటువైతే, ఆయన ధర ఎంతదాకా దిగుతాడో కొనేవాడికి చెప్పకూడదు. అదే ఇంట్లో పైకప్పు కారుతోందని నీకు తెలిస్తే, చాలాచోట్ల దాచడానికి వీల్లేదు. పరీక్షలో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి తికమక పెడతారు.

చిన్న గ్రూపులుగా విడదీసి యజమానితో మాట్లాడినట్టు నటించమన్నప్పుడు అందరూ మౌనంగా ఉంటారు. నువ్వే ముందు మొదలుపెట్టు. అవతలివాళ్లను ‘కమిషన్ తగ్గించుకోరా?’ అని మళ్లీ మళ్లీ అడగమను. మొదటి రెండుసార్లు తడబడతావు. ఆ తడబాటు అక్కడే అయిపోతే మేలు, నిజమైన యజమాని ముందయితే ఆ ఇల్లు అమ్మిపెట్టే పని చేజారుతుంది.

చివరి క్లాసు తేదీ తెలియగానే, వీలుంటే ఆ తర్వాత రెండు మూడు వారాల్లోపే పరీక్ష తేదీ తీసుకో. ఆ రోజుల్లో కొత్త పుస్తకం తెరవకు. టైమర్ పెట్టుకుని పాత ప్రశ్నపత్రాలు చెయ్యి, తప్పిన ప్రతి ప్రశ్న పక్కన ఎందుకు తప్పిందో ఒక్క ముక్క రాసుకో. ‘తెలియదు’, ‘సరిగా చదవలేదు’, ‘లెక్క తప్పింది’ అని మూడు గుర్తులు చాలు. రెండోది ఎక్కువగా కనిపిస్తే చదువు పెంచకు, ప్రశ్నను రెండుసార్లు చదివే అలవాటు చేసుకో.

ఉంటాను.