దూరాన ఉన్న బృందంతో సమావేశాలు: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

నీకు టీమ్ లీడ్ బాధ్యత అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగా చాలా సంతోషించాను. బృందంలో ముగ్గురు హైదరాబాద్ ఆఫీసులో, ఒకరు మిర్యాలగూడలో, ఒకరు వనపర్తిలో, మరొకరు అచ్చంపేట అవతల సొంత ఊరిలో ఉండి పనిచేస్తున్నారనీ, రోజూ ఆన్‌లైన్‌లో గంటసేపు కూర్చున్నా ఏదీ తేలడం లేదనీ రాశావు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పటి నుంచి ఉద్యోగ విరమణ వరకు నేను నల్లగొండ ఇంటి నుంచే బృందాన్ని నడిపాను కనుక, నాకు తెలిసినంత చెబుతాను.

నిన్న ఏం చేశారో ఒక్కొక్కరు చదివి వినిపించడానికే ఆ గంటలో సగం పోతున్నట్లయితే, దానికి సమావేశమే అక్కరలేదు. ఉదయం పది లోపు అందరూ గ్రూపులో మూడేసి వాక్యాలు రాస్తే సరిపోతుంది. ఒకరి వాదన విని మరొకరు తమ ఆలోచన మార్చుకోవలసిన విషయాలకే అందరినీ పిలువు. అవేమిటో ముందురోజు సాయంత్రానికి ప్రశ్నల రూపంలో పంపు. ‘రిలీజ్ గురించి చర్చ’ అని రాస్తే ఎవరూ సిద్ధపడి రారు; ‘బిల్లింగ్ పేజీలోని లోపం అలాగే ఉంచి శుక్రవారం రిలీజ్ చేయవచ్చా?’ అని రాస్తే ప్రతి ఒక్కరూ ఏదో ఒక అభిప్రాయంతో వస్తారు.

నువ్వు అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది దూరంగా ఉన్న ఆ ముగ్గురి మీద. నల్లమల అంచు ఊళ్లలో గాలివాన వస్తే కరెంటుతో పాటు సిగ్నల్ కూడా పోతుంది. అది అచ్చంపేట అవతల ఉన్న ఆ అబ్బాయి నిర్లక్ష్యం కాదు. వీడియో ఆపేసి మాట మాత్రమే ఉంచితే సెకనుకు 100 కిలోబిట్ల వేగమైనా చాలు కనుక, కెమెరా తప్పనిసరి అనే నియమం పెట్టవద్దు. మాట అందడానికి ఆలస్యమయ్యే చోట మరొక ఇబ్బంది ఉంది: ఇద్దరు ఒకేసారి నోరు తెరుస్తారు, ఇద్దరూ ఆగిపోతారు, బిడియస్తుడు మళ్లీ మొదలుపెట్టడు. ఆ మౌనాన్ని అంగీకారంగా లెక్కవేసుకోవద్దు. ‘ఎవరికైనా సందేహాలున్నాయా?’ అని అందరినీ కలిపి అడగడం మాని, పేరు పెట్టి అడుగు. అదీ దూరాన ఉన్నవారితో, అనుభవం తక్కువవారితో మొదలుపెట్టు. ఆఫీసులో ఉన్న ముగ్గురూ ఒకే మైకు చుట్టూ కూర్చుంటే పక్కవారితో అనుకునే మాటలు వనపర్తికి వినపడవు, అక్కడి అమ్మాయి తనను లెక్కచేయలేదని అనుకుంటుంది. అందుకే ఆఫీసులో ఉన్నా ఎవరి ల్యాప్‌టాప్ నుంచి వారే, ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని చేరాలని గట్టిగా చెప్పు.

నిర్ణయాలను సమావేశం ముగియకముందే, స్క్రీన్ షేర్ చేసి అందరి కళ్ల ముందు రాయి. పని ఏమిటి, ఎవరు చేస్తారు, ఏ తేదీకి అన్న మూడూ ఒకే వాక్యంలో ఉండాలి. ‘చూద్దాం’ అని వదిలేసిన విషయం వారం తిరిగేసరికి మళ్లీ మొదటికే వస్తుంది. మధ్యలో నెట్ పోయినవారు తర్వాత గంటసేపు రికార్డింగ్ వినే బదులు ఈ నాలుగైదు వాక్యాలు చదివి పనిలో దిగవచ్చు.

అమెరికా వారితో కలిసే రోజుల్లో గడియారం విషయం మరచిపోవద్దు. అక్కడ మార్చి రెండవ ఆదివారం సమయాన్ని గంట ముందుకు జరిపి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటల సమావేశం వేసవిలో మనకు సాయంత్రం 6:30 అయితే, చలికాలంలో 7:30 అవుతుంది. ఆ వేళకు ఇంట్లో పసిపిల్లలున్న తల్లులకు అది చాలా కష్టమైన గంట. మారే తేదీలు ముందే చెప్పి, ఎవరు తప్పక ఉండాలో ఎవరు ఉండనక్కరలేదో తేల్చు.

చర్చించవలసిన ప్రశ్న ఏదీ లేని రోజున సమావేశాన్ని నిస్సంకోచంగా రద్దు చేయి. ఒకరి పనిలో లోపముంటే అందరి ముందు ఎత్తకుండా విడిగా ఫోన్ చేసి మాట్లాడు.

వచ్చే సోమవారానికి నువ్వు రాసుకున్న ప్రశ్నలు ఆదివారంలోగా నాకు పంపితే, చదివి నా అభిప్రాయం చెబుతాను.

ఆశీస్సులతో,
మామయ్య, నల్లగొండ