అప్పు చేసి లంబోక్ పల్లెలో స్థలం కొనవచ్చా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. సొంతూరు ఒంగోలు, ఉద్యోగం హైదరాబాద్‌లో. చేతికొచ్చే జీతం నెలకు రూ.1.65 లక్షలు. ఇంటి ఖర్చు రూ.70 వేలు, గృహరుణం ఈఎంఐ రూ.46 వేలు (ఇంకా రూ.38 లక్షలు బాకీ). ఎఫ్‌డీ రూ.2.5 లక్షలు, ఫండ్లలో రూ.6 లక్షలు ఉన్నాయి. టర్మ్ పాలసీ రూ.50 లక్షలకు తీసుకున్నాను. ఆరోగ్య బీమా అంటే కంపెనీ ఇచ్చిన రూ.5 లక్షలదే. భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మానాన్న నా మీదే ఆధారపడ్డారు. ఇండోనేషియాలోని లంబోక్ దీవిలో, రింజానీ పర్వతం కింద తెతెబాతు అనే పల్లె మాకు బాగా నచ్చింది. అక్కడ 10 ఆరెల స్థలం, రెండు గదుల హోంస్టేతో కలిపి రూ.42 లక్షలకు ఇస్తామంటున్నారు. పరిచయస్తుడైన స్థానికుడి పేరున రిజిస్టర్ చేయించి, అతనితో ఒప్పందం, పవరాఫ్ అటార్నీ రాయించుకుంటాం. గృహరుణంపై టాప్‌అప్ రూ.20 లక్షలు, పర్సనల్ లోన్ రూ.15 లక్షలు, బంగారంపై రూ.7 లక్షలు తీసుకుందామని ఆలోచన. నెలకు రూ.80 వేలు అద్దె వస్తుందట. నాలుగేళ్లలో ఉద్యోగం మానేసి అక్కడే స్థిరపడాలని ఉంది. టోకెన్‌గా లక్షన్నర పంపాను. ముందుకు వెళ్లమంటారా?

జవాబు: వద్దు. ఇంకొక్క రూపాయి కూడా పంపకండి. మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. విదేశంలో చవగ్గా స్థలం దొరుకుతోందనగానే ఇంట్లో అత్యవసర నిధి ఉందా లేదా అన్నది మరచిపోయి అప్పుకు పరుగెత్తేవాళ్లు ఎక్కువవుతున్నారు. దేశం ఏదైనా పొరపాటు మాత్రం అదే.

ముందు మీ అప్పుల లెక్క చూద్దాం. పర్సనల్ లోన్ రూ.15 లక్షలు 13 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు రూ.34,100. టాప్‌అప్ రూ.20 లక్షలు 9.5 శాతానికి పదిహేనేళ్లంటే రూ.20,900. బంగారం మీద పది శాతం చొప్పున వడ్డీ ఒక్కటే రూ.5,800. మొత్తం రూ.60,800. ఇప్పుడు మీకు నెలాఖరున మిగిలేది రూ.49 వేలు. అంటే మొదటి నెల నుంచే దాదాపు రూ.12 వేలు తక్కువ పడుతుంది. అప్పుడిక క్రెడిట్ కార్డు గీకాల్సిందే. పైగా ఎల్ఆర్ఎస్ (మనం విదేశాలకు డబ్బు పంపడానికి ఉన్న రిజర్వ్ బ్యాంక్ పథకం) కింద విదేశంలో పెట్టుబడి పెట్టడానికి, ఆస్తి కొనడానికి పంపే డబ్బుకు బ్యాంకులు అప్పు ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. ఇంటి మరమ్మతులని రాసి తీసుకున్న టాప్‌అప్‌ను లంబోక్‌కు పంపడమంటే బ్యాంకుకు అబద్ధం చెప్పడమే. అప్పు చేసి ఈ కొనుగోలు చేయడానికి మీకు సరైన దారి ఏదీ లేదు.

అద్దె రూ.80 వేలు అన్నది రెండు గదులూ నెలలో ఇరవై ఒక్క రోజులు నిండితే వచ్చే లెక్క. గదికి రోజుకు మూడున్నర లక్షల రూపియా (ఇండోనేషియా కరెన్సీ), అంటే మన డబ్బుల్లో రూ.1,900 దాకా, వస్తాయని వేసుకున్నట్టున్నారు. తెతెబాతుకు వచ్చేవాళ్లలో చాలామంది రింజానీ ఎక్కడానికో, దాని చుట్టూ తిరగడానికో వస్తారు. వానల కారణంగా ఏటా జనవరి నుంచి మార్చి దాకా ఆ పర్వతారోహణ మూసేస్తారు. ఆ మూడు నెలలూ గదులు ఖాళీగా ఉంటే ఈఎంఐ ఎవరు కడతారు? అసలు హోంస్టే లైసెన్సు ఆ స్థానికుడి పేరున ఉంటే ఆదాయమూ చట్టప్రకారం అతనిదే. విదేశీయుడు సొంతంగా వ్యాపారం చేయాలంటే పీటీ పీఎంఏ, అంటే విదేశీ పెట్టుబడి కంపెనీ పెట్టాలి. దానికి స్థలం, భవనం కాక 10 బిలియన్ (వెయ్యి కోట్ల) రూపియాకు పైగా పెట్టుబడి చూపాలి. అంటే రూ.5 కోట్లకు పైమాట. పర్యాటక వీసా మీద వెళ్లి అతిథులకు గదులిస్తూ పట్టుబడితే పంపించేస్తారు.

ఇక ఆ బినామీ ఒప్పందం సంగతి. ఇండోనేషియా 1960 భూచట్టం (5వ నంబరు చట్టం) ప్రకారం పూర్తి యాజమాన్య హక్కు, అంటే హక్ మిలిక్, అక్కడి పౌరులకే ఉంటుంది. దాన్ని నేరుగా గానీ దొడ్డిదారిన గానీ విదేశీయుడికి బదిలీ చేస్తే ఆ లావాదేవీ చెల్లదని, భూమి ప్రభుత్వానికి పోతుందని, చెల్లించిన సొమ్మును తిరిగి అడగడానికి వీల్లేదని 26వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. మీ చేతిలోని ఒప్పందం, పవరాఫ్ అటార్నీ కోర్టులో మీరు చేసిన దొడ్డిదారి పనికి సాక్ష్యాలవుతాయే తప్ప మిమ్మల్ని కాపాడవు. ఆ పరిచయస్తుడు నిజంగా మంచివాడే కావచ్చు. అతను చనిపోతే వారసులకు మీతో ఏ ఒప్పందమూ ఉండదు. అతను అప్పులపాలైతే స్థలాన్ని బ్యాంకు జప్తు చేసుకుంటుంది.

నివాస అనుమతి ఉన్న విదేశీయుడికి హక్ పకాయ్ అనే వినియోగ హక్కు దొరుకుతుంది. మొదట 30 ఏళ్లు, పొడిగింపు 20, పునరుద్ధరణ మరో 30. దీనికి ప్రాంతాన్ని బట్టి కనీస ధర నిబంధన ఉంది, అది బిలియన్లలో ఉంటుంది. మీ రూ.42 లక్షలు ఒక బిలియన్ రూపియా కూడా కావు. కాబట్టి మీకు మిగిలేది హక్ సెవా, అంటే లీజు ఒక్కటే.

అన్నట్టు, ఆరె అంటే 100 చదరపు మీటర్లు, దాదాపు 120 గజాలు. మీ 10 ఆరెలు పాతిక సెంట్లకు కాస్త తక్కువ. ఈ కొలత తెలియకుండా బేరమాడేవాళ్లూ ఉన్నారు. పల్లెల్లో చూడాల్సిన మొదటి విషయం, ఆ స్థలానికి భూమి శాఖ (బీపీఎన్) ఇచ్చిన సర్టిఫికెట్ ఉందా, లేక గిరిక్, పెటోక్, లెటర్ సి లాంటి పాత పన్ను కాగితాలేనా అన్నది. పాత కాగితాలతో యాజమాన్యం రుజువు కాదు. సర్టిఫికెట్‌ను నోటరీ ద్వారా బీపీఎన్ కార్యాలయంలోనే సరిచూడాలి. తండ్రి పేరున ఉంటే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ సంతకం చేయాలి. వరి, పొగాకు సాగయ్యే ఆ చుట్టుపక్కల రక్షిత వరి పొలంగా గుర్తించిన చోట కట్టడానికి పీబీజీ, అంటే భవన అనుమతి రాదు. ఇప్పటికే ఉన్న గదులకు ఆ అనుమతి ఉందో లేదో అడిగారా? లీజు పత్రం ఇండోనేషియా భాషలో, నోటరీ ముందు, యజమాని వారసులకూ వర్తించేలా, పొడిగింపు ధర ఎలా లెక్కకట్టాలో చెబుతూ ఉండాలి. లీజు అద్దెపై 10 శాతం పన్ను యజమాని కట్టాల్సింది. ‘నికర ధర’ అంటూ దాన్ని మీ నెత్తిన వేస్తారు.

ఇప్పుడు అసలు విషయం. మీ ఇంటికి, ఈఎంఐకి కలిపి నెలకు రూ.1.16 లక్షలు కావాలి. ఒకే జీతం, ఆరుగురు మనుషులు. ఆరు నెలల నిధి చాలదు, తొమ్మిది నెలలది, అంటే రూ.10.4 లక్షలు ఉండాలి. మీ దగ్గర ఉన్నది రూ.2.5 లక్షలు, అంటే రెండు నెలల బతుకు. ఉద్యోగం పోతే మూడో నెల హైదరాబాద్ ఇంటి ఈఎంఐ ఆగుతుంది. లంబోక్ గురించి ఆలోచించే తీరికే ఉండదు. ఫండ్ల డబ్బును ఇందులో కలపకండి, మార్కెట్ పడినప్పుడే ఉద్యోగాలూ పోతాయి.

ఆరోగ్య బీమా ఇంకా ఘోరం. ఉద్యోగం మానేసిన రోజే కంపెనీ పాలసీ పోతుంది. అప్పటికి మీకు 42 ఏళ్లు, మీ అమ్మానాన్నకు మరింత వయసు. ముందే ఉన్న జబ్బులకు పాలసీ వర్తించడానికి వేచి ఉండే కాలం గరిష్ఠంగా మూడేళ్లు. ఈ నెలలోనే సొంత పాలసీ తీసుకుంటే మీరనుకున్న నాలుగేళ్ల లోపే ఆ వేచి ఉండే కాలం ముగుస్తుంది. మీ నలుగురికి కలిపి రూ.10 లక్షల ఫ్లోటర్ పాలసీ, ఆ పరిమితి దాటిన ఖర్చుకు రూ.40 లక్షల సూపర్ టాప్‌అప్, అమ్మానాన్నకు వేరే పాలసీ తీసుకోండి. వ్యక్తిగత పాలసీలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు, వాయిదా వేయడానికి ఆ సాకూ పోయింది. టర్మ్ కవర్‌ను రూ.2 కోట్లకు పెంచండి. ఇప్పుడున్న రూ.50 లక్షల్లో గృహరుణం పోగా కుటుంబానికి మిగిలేది రూ.12 లక్షలే.

మన పాలసీలు చాలావరకు ఇక్కడి ఆసుపత్రుల ఖర్చే ఇస్తాయి. పల్లెలో దగ్గరగా దొరికేది పుస్కెస్మస్, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. పెద్ద వైద్యానికి లంబోక్‌లోని పెద్ద నగరం మతరాం దాకా పోవాలి. ప్రయాణ బీమాలో వైద్య తరలింపు ఉందో లేదో చూడండి. చెల్లుబాటయ్యే మోటార్‌సైకిల్ లైసెన్సు లేకుండా అద్దె స్కూటర్ మీద పడితే క్లెయిం తిరస్కరిస్తారు. 2018 ఆగస్టు 5న లంబోక్‌లో 6.9 తీవ్రతతో భూకంపం వచ్చి 500 మందికి పైగా చనిపోయారు. అక్కడి మామూలు అగ్ని బీమా పాలసీలో భూకంప నష్టం రాదు, దానికి విడిగా తీసుకోవాలి. ఆ హోంస్టేకు అది ఉందని మీకెవరైనా చెప్పారా?

పన్ను విషయం ఒక్క మాటలో: ఏడాదిలో రూ.10 లక్షలు దాటి పంపితే మిగతాదానిపై 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందుగానే వసూలు చేసే పన్ను) పడుతుంది. మీ రూ.42 లక్షలకు అది రూ.6.4 లక్షలు. తర్వాత సర్దుబాటవుతుంది కానీ ముందు కట్టాలి. విదేశీ ఆస్తిని, బినామీ పేరున ఉన్నా సరే, ఆదాయపన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల (ఎఫ్ఏ) షెడ్యూల్‌లో చూపకపోతే రూ.10 లక్షల జరిమానా పడవచ్చు.

అక్కడ ఉండాలన్న మీ కోరికలో తప్పు లేదు. బీమా ప్రీమియంలకు పది వేలు పోనిచ్చి, మిగిలే రూ.39 వేలు నెలనెలా వేస్తే ఇరవై ఒక్క నెలల్లో అత్యవసర నిధి పూర్తవుతుంది. ఆ తర్వాత వానాకాలంలోనే వెళ్లి, ఇల్లు నెలవారీ అద్దెకు తీసుకుని ఉండి చూడండి. వీసా ఆన్ అరైవల్‌కు 5 లక్షల రూపియా, 30 రోజులు, ఒకసారి మరో 30 రోజులు పొడిగిస్తారు. గడువు మీరితే రోజుకు 10 లక్షల రూపియా జరిమానా. జనవరి, ఫిబ్రవరిలో కరెంటు, నీళ్లు, పిల్లల చదువు ఎలా ఉంటాయో చూశాకే లీజు మాట ఎత్తండి, అదీ సొంత డబ్బుతో.

టోకెన్ లక్షన్నర వెనక్కి ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. కొనుగోలు స్థానికుడి పేరున కాబట్టి చట్టప్రకారం కుదరదని, అందుకే విరమిస్తున్నామని కారణం రాయండి. ఇవ్వకపోతే ఆ లక్షన్నర పోయిందనుకుని వదిలేయండి. దాన్ని రాబట్టుకోవడానికి ‘ఇంకో ఐదు లక్షలు పంపితే రిజిస్ట్రేషన్ అయిపోతుంది’ అన్న మాట వస్తే ఫోను పెట్టేయండి.