జడ విప్పుతారా, విరబోస్తారా?

సందేహం: ఒక ప్రేమకథలో ‘ఆమె జడ విరబోసుకుంది. ముంగురులు వీపంతా పరుచుకున్నాయి. అతను ఆమె జుట్టు పట్టుకున్నాడు’ అని రాశాను. మూడూ పొసగలేదని మిత్రులంటున్నారు. నిజమేనా?

సమాధానం: నిజమే. విరబోసుకునేది జుట్టును. జడనైతే విప్పుతారు. మూడు పాయలు తీసి అల్లితేనే జడ, పాయలు విడిపోతే అది మళ్ళీ జుట్టే. ముంగురులంటే ముందరి కురులు, ముంజేయి లాంటి మాటే. నుదుటి మీద, చెంపల దగ్గర ఆడే పొట్టి కురులవి, వీపు దాకా రావు.

మూడో వాక్యంలో వ్యాకరణం సరిగానే ఉంది, నుడికారమే అడ్డొచ్చింది. ‘జుట్టూ జుట్టూ పట్టుకున్నారు’ అంటే కొట్టుకున్నారనే కదా! పోనీ ‘తల నిమిరాడు’ అందామంటే ఆ చెయ్యి తండ్రిదో తాతయ్యదో అయిపోతుంది. ‘కళ్ళమీద పడుతున్న ముంగురుల్ని చెవి వెనక్కి సర్దాడు’ అనండి, అది ప్రేమికుడి చెయ్యే.

అసలు విరబోసిన జుట్టు మన సాహిత్యంలో శోకానికో ఆగ్రహానికో గుర్తు. తిక్కన ఉద్యోగపర్వంలో ద్రౌపది కృష్ణుడికి చూపింది దుశ్శాసనుడు పట్టి ఈడ్చిన జుట్టునే. మీ సన్నివేశం శృంగారమైతే ‘తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటోంది’ అని రాయండి. కుంకుడు రసం, సాంబ్రాణి పొగ వాటంతటవే వచ్చి చేరతాయి.

జుట్టు ఏకవచనం: ‘జుట్టు ఎగిరింది’. కురులు ఎప్పుడూ బహువచనమే: ‘కురులు ఎగిరాయి’. వెంట్రుక విడిగా లెక్కపెట్టేది. ‘ఆమె వెంట్రుకలు అందంగా ఉన్నాయి’ అంటే రుచించదు గానీ, ‘అతని చొక్కా గుండీకి చిక్కుకున్న ఒక్క వెంట్రుక’ ఎంత ప్రేమనైనా మోస్తుంది. శిరోజాలు అంటే నూనె ప్రకటన గుర్తొస్తుంది. తలనీలాలు అని మాత్రం పొరపాటున కూడా రాయకండి, పాఠకుడి మనసు నేరుగా తిరుమల కల్యాణకట్టకు వెళ్ళిపోతుంది.

కేశపాశం అన్నచోట పాశాన్ని ఉచ్చుగా తీసుకుని ‘ఆమె కేశపాశానికి బందీ అయ్యాడు’ అని చాలామంది రాస్తుంటారు. జుట్టు అని అర్థమిచ్చే మాట తర్వాత వచ్చే పాశ శబ్దానికి సమూహమని అర్థం, సంస్కృత నిఘంటువు అమరకోశం చెప్పిన మాటే ఇది. ఉచ్చు అని చమత్కరించాలనుకుంటే శ్లేష అని తెలిసేలా రాయాలి. అలకలు కూడా అంతే. సంస్కృతంలో ముంగురులు, తెలుగులో కోపతాపాలు. ‘ఆమె అలకలు సవరించాడు’ అంటే జుట్టు సర్దాడు, ‘అలక తీర్చాడు’ అంటే బుజ్జగించాడు. మీ కథలో ఈ రెండూ ఒకేసారి జరిగే చోటు ఉంటే ఆ మాటను అక్కడికి దాచిపెట్టుకోండి.