ఓడ నమూనాలో నావికుల సామాన్లు

ప్రశ్న: పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటిష్ యుద్ధనౌక నమూనాను 1:64 కొలతలో, అంటే అసలులో 64వ వంతుగా కట్టాను. ఫిరంగులు కిటికీల్లోంచి బయటికి చాచి ఉన్నాయి. పని బాగానే కుదిరింది గాని, ఓడలో మనుషులున్న జాడే కనిపించడం లేదు. ఫిరంగుల అంతస్తులో నావికుల పెట్టెలు, పళ్లేలు, పడకలు అమర్చాలనుకుంటున్నాను. ఏవి, ఎంత పరిమాణంలో చేయాలి?

జవాబు: పరిమాణం కన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటి ఉంది. ఫిరంగులు బయటికి చాచి ఉన్నాయంటే అది పోరుకు సిద్ధమైన ఓడ. అలాంటి వేళ భోజనపు బల్లలతో సహా దారికి అడ్డమొచ్చే సామానునంతా అక్కడి నుంచి తీసేసేవారు. అందువల్ల మీరు ఫిరంగి పక్కన పళ్లెం పెడితే, అది ఎంత ముచ్చటగా ఉన్నా, తెలిసినవారి కన్ను మొదట ఆ తప్పు మీదే పడుతుంది. కొన్ని ఫిరంగులను లోపలికి లాగి, కిటికీ తలుపులు మూసి చూపగలిగితే మాత్రం, రెండు ఫిరంగుల నడుమ పైకప్పు నుంచి వేలాడే బల్లను నిశ్చింతగా పెట్టవచ్చు. నావికులు ఆరుగురో ఎనిమిది మందో జట్టుగా చేరి తినేది అక్కడే.

ఫిరంగులను కదపడం ఇష్టం లేకపోతే పై అంతస్తును చూడండి. నావికుల ఊయల పడకలను పగలు గట్టిగా చుట్టి, ఓడ అంచుల వెంబడి కట్టిన వలల్లో పేర్చేవారు. పోరులో తుపాకి గుళ్లకు అవే కొంత అడ్డుగా పనికొచ్చేవి. 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉండే ఆ గుడ్డ మీ కొలతలో సుమారు 29 మి.మీ. పొడవు, 14 మి.మీ. వెడల్పు అవుతుంది. పల్చని టిష్యూ కాగితాన్ని నీళ్లు కలిపిన తెల్ల జిగురులో తడిపి చుట్టి, సన్నని దారంతో ఏడు చుట్లు బిగించి, పూర్తిగా ఆరకముందే నడుమకు మడవండి. నేను మొదటిసారి చేసినప్పుడు అన్నీ అచ్చు గుద్దినట్టు వచ్చి, సుద్దముక్కల వరుసలా కనిపించాయి. ఒకటి లావుగా, ఒకటి వంకరగా ఉండనివ్వండి. టీ డికాక్షన్‌లో ముంచితే ఆ కొత్త తెలుపు కూడా విరుగుతుంది.

పెట్టెల విషయంలో పొదుపు పాటించండి. యుద్ధనౌకల్లో మామూలు నావికులు చాలామంది బట్టల సంచీతోనే సరిపెట్టుకునేవారు. 90 సెం.మీ. పెట్టె మీకు 14 మి.మీ. వస్తుంది, అడుగు కాస్త వెడల్పుగా, పిడులు తాడుతో ఉంటే చాలు.

1545లో మునిగి, 1982లో పైకి తీసిన మేరీ రోజ్ అనే ఇంగ్లండ్ యుద్ధనౌకలో దువ్వెనలు, పాచికలు కూడా దొరికాయి. వాటి మీదికి మనసు పోవడం సహజమే. కానీ 8 సెం.మీ. దువ్వెన 1:64లో మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. పట్టుకారుతో ఎంత ఓపికగా అతికించినా, చూసేవారు దాన్ని దుమ్ము అనుకుని ఊదేస్తారు.