మజిల్ బ్రేక్‌కు మర తీయించాలా, క్లాంప్ చాలా?

ప్రశ్న: నేను టెక్సాస్‌లో స్థిరపడిన తెలుగువాడిని. జింకల వేట కోసం .300 విన్చెస్టర్ మాగ్నమ్ (ఎక్కువ మందుతో బలంగా పేలే రకం) తూటా పేల్చే పాత రెమింగ్టన్ 700 బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకూ చేత్తో గడియ లాగి నింపేది) కొన్నాను. భుజాన్ని గట్టిగా తన్నుతోంది. ఆ తన్ను తగ్గించేందుకు బ్యారెల్ (తుపాకీ గొట్టం) చివర తగిలించే మజిల్ బ్రేక్ పెట్టాలనుకుంటున్నాను, కానీ అక్కడ దాన్ని బిగించే మర (స్క్రూ చుట్లు) లేదు. క్లాంప్‌తో బిగించే మజిల్ బ్రేక్ చౌకగా దొరుకుతోంది, గన్‌స్మిత్ (తుపాకుల పనివాడు) మాత్రం మర తీయించుకోమంటున్నారు. ఏది మేలు?

జవాబు: మీ గన్‌స్మిత్ మాటే వినండి. మాగ్నమ్ తూటాకు క్లాంప్ తగదు.

తూటా వెంటే దూసుకొచ్చే వాయువులను మజిల్ బ్రేక్ పక్కలకు, కొంత వెనక్కి మళ్లిస్తుంది. ఆ క్రమంలో వాయువులు బ్రేక్ లోపలి గోడలను ముందుకు నెడతాయి, ఆ నెట్టుడే రైఫిల్‌ను ముందుకు లాగి మీ భుజానికి తగిలే తన్నును తగ్గిస్తుంది. అంటే బ్రేక్ ఎంత సమర్థంగా పనిచేస్తే, బ్యారెల్ నుంచి ఊడిపోవడానికి అంత బలంగా ప్రయత్నిస్తుందన్నమాట. మర ఉన్నచోట ఆ బలాన్ని ఉక్కు చుట్లు మోస్తాయి. క్లాంప్‌లో అయితే స్క్రూల బిగింపు వల్ల పుట్టే రాపిడి ఒక్కటే దాన్ని ఆపాలి. పైగా వేట రైఫిళ్ల బ్యారెళ్లు చాలావరకు కొసకు వెళ్లేకొద్దీ సన్నబడతాయి కనుక, క్లాంప్ వెంట్రుకవాసి ముందుకు జరిగినా పట్టు సడలుతుంది, సడలిన పట్టు తరువాతి పేలుడుకు ఇంకా జరుగుతుంది.

నన్ను అంతకంటే ఎక్కువ కలవరపెట్టేది అమరిక. బ్రేక్‌లో తూటా వెళ్లే రంధ్రం సాధారణంగా తూటా వ్యాసం కంటే సుమారు 0.020 అంగుళం మాత్రమే పెద్దది, కాబట్టి ఒక్కో పక్క మిగిలే ఎడం అందులో సగమే. క్లాంప్ బ్యారెల్ బయటి ఉపరితలాన్ని ఆధారం చేసుకుని నిలుస్తుంది, కానీ బయటి ఉపరితలం, లోపలి రంధ్రం ఒకే కేంద్రం మీద ఉంటాయన్న భరోసా లేదు. నిపుణుడైన గన్‌స్మిత్ లేత్ మీద లోపలి రంధ్రాన్నే కేంద్రంగా సరిచూసుకుని మర తీస్తారు, ఆ మర వెనుక బ్రేక్ చదునుగా ఆనుకునేందుకు ఒక మెట్టు వదులుతారు. ఈ అమరిక తప్పితే తూటా బ్రేక్ గోడను రాసుకుంటుంది. గురి చెదరడంతో మొదలై బ్రేక్ పగలడం దాకా పోవచ్చు.

మర కొలతను తొందరపడి ఎంచుకోకండి. .30 క్యాలిబర్‌కు (మీ తూటా వ్యాసపు వర్గం) అమెరికాలో వాడుకలో ఉన్నది 5/8-24, అంటే 5/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 24 చుట్లు. సన్నటి వేట బ్యారెల్‌పై ఆ కొలత తీస్తే వెనుక ఆనే మెట్టు సరిగా మిగలకపోవచ్చు. అలాగని 1/2-28కి దిగితే రంధ్రం చుట్టూ గోడ 0.1 అంగుళం కూడా ఉండదు. మాగ్నమ్‌కు దాన్ని నేను సమర్థించను. బ్యారెల్ కొసను వెర్నియర్‌తో కొలిపించి, అవసరమైతే 9/16-24 గురించి గన్‌స్మిత్‌ను అడగండి.

క్లాంప్‌కూ తగిన చోటుంది. మోసిన్-నాగాంట్ లాంటి పాత సైనిక రైఫిల్‌కు మర తీయిస్తే సేకరణ విలువ పోతుంది, అక్కడ విప్పేయగల క్లాంప్‌నే వాడటం సబబు. వాడేవారు క్లాంప్ అంచు వద్ద బ్యారెల్‌పై ఒక గీత గీసి, ప్రతి కొన్ని తూటాలకూ అది జరిగిందేమో చూసుకోవాలి.

టెక్సాస్‌లో బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కు బ్రేక్ అమర్చుకోవడానికి చట్టపరమైన అడ్డంకి లేదు. న్యూయార్క్‌లో ఉండే మిత్రులు మాత్రం గమనించాలి: 2013 చట్టం తర్వాత అక్కడ, మ్యాగజైన్ (తూటాల పెట్టె) విడదీయగల సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌పై (తరువాతి తూటాను తానే ఎక్కించుకునేది) బ్రేక్ గానీ, దానికోసం తీసిన మర గానీ ఉంటే ఆ రైఫిల్ నిషిద్ధ వర్గంలోకి వస్తుంది.

ఏది అమర్చినా బ్యారెల్ కొసన బరువు మారుతుంది కనుక స్కోప్‌ను (గురి చూసే దుర్భిణిని) మళ్లీ సున్నాకు, అంటే తూటా గురిపెట్టిన చోటే తగిలేలా, సరిచేసుకోండి. వాయువులు వెనక్కి మళ్లడం వల్ల మీ చెవికి చేరే శబ్దం పెరుగుతుంది. బ్రేక్ లేకుండానే ఇలాంటి రైఫిల్ చప్పుడు వినికిడికి హాని కలిగించే 140 డెసిబెల్స్ హద్దును దాటుతుంది. చెవుల్లో ప్లగ్‌లు, వాటిపైన మఫ్‌లు రెండూ పెట్టుకోండి, పక్కన నిలబడే తోటి వేటగాడికీ పెట్టించండి.