మోడు చిగురిస్తుందా?

సందేహం: "వానలు పడగానే మోడువారిన చెట్లు చిగురించాయి" అని ఒక వ్యాసంలో రాశాను. మోడంటే చచ్చిన చెట్టు కదా, అదెలా చిగురిస్తుందని ఒక మిత్రుడు ఆక్షేపించారు. అందులోనే వాడిన "కరువు ఒత్తిడి" కూడా తెలుగు కాదన్నారు. ఏది సరి?

సమాధానం: మొదటి విషయంలో మీరే ఒప్పు. రెండోదాంట్లో నా ఓటు మీ మిత్రుడికి.

మోడు అనే మాట చెట్టు ఎలా కనబడుతున్నదో చెబుతుంది, ప్రాణం సంగతి చెప్పదు. ఆకులు లేక బోసిగా నిలబడితే మోడే. వేసవి మొదట్లో నల్లమలలో టేకు అలాగే ఉంటుంది. అది చావు కాదు, పొదుపు. వేళ్లు పీల్చిన నీటిలో చాలా భాగం పత్రరంధ్రాల గుండా ఆవిరైపోతుంది. నేల ఆరుతుంటే చెట్టు ముందు ఆ రంధ్రాలను మూసుకుంటుంది. అదీ చాలకపోతే ఆకులనే వదిలించుకుంటుంది. మోడైన బతుకు అని కథల్లో చదివి చదివి మనం ఆ మాటకు చావును అంటగట్టాం గాని, ఆ కథల్లో కూడా చివరికి చిగురించేది ఆ మోడే!

ఆకు రాలింది, చెట్టు ఆకు రాల్చింది అనే రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి. రెండోదాంట్లో క్రియ సకర్మకం, కర్త చెట్టు. ఇది కవుల చమత్కారం కాదు. తొడిమ మొదట్లో పలుచని కణాల పొర ఏర్పడి, ఆకు అక్కడే తెగుతుంది, ఆ గాటును చెట్టు మూసేసుకుంటుంది. ఇదంతా జరగాలంటే కొమ్మలో ప్రాణం ఉండాలి. నరికి పడేసిన వేప కొమ్మ ఆకులు ముడుచుకుపోయి, రంగు మారి, కొమ్మనే పట్టుకుని కొన్నాళ్లు వేలాడతాయి. రాల్చే శక్తి ఆ కొమ్మకు లేదు. కాబట్టి ఎండాకులు వేలాడుతున్న చెట్టు మీద కన్నా బోసి మోడు మీదే చాలాసార్లు ఎక్కువ ఆశ పెట్టుకోవచ్చు. అనుమానముంటే రెమ్మను గోటితో గీరండి. బెరడు కింద పచ్చగా, తడిగా ఉంటే అది బతికున్నట్టే.

మీరు "ఎండిపోయిన చెట్లు చిగురించాయి" అని రాసి ఉంటే మాత్రం ఆక్షేపణ న్యాయమే. వాడిన ఆకు నీళ్లందితే మళ్లీ నిలబడుతుంది, ఎండిన ఆకు నిలబడదు. వాడు, ఎండు పర్యాయపదాలు కావు.

ఇంకో జాగ్రత్త కూడా అవసరం. చిగురించిందని రాయవచ్చు గాని, వెంటనే కోలుకుందని రాయకూడదు. నేల మరీ ఆరిపోతే, వేరు నుంచి ఆకు దాకా నీటిని మోసే సన్నని గొట్టాల్లో ధార తెగి గాలి చేరుతుంది. అలా మూసుకుపోయినవి చాలా ఉంటే, చెట్టు కొత్త కలప వేసుకుని కొత్త గొట్టాలు సిద్ధం చేసుకోవాలి. ఒక్క వానతో తీరే పని కాదది. అలాంటప్పుడు "తేరుకుంటున్నాయి" అనడం మేలు.

ఇక "కరువు ఒత్తిడి" అనేది "డ్రౌట్ స్ట్రెస్" అనే ఇంగ్లీషు జంటపదానికి ముక్కకు ముక్క అనువాదం. కరువు ఊరికి వస్తుంది, జనానికి వస్తుంది. తాగునీటికి ఎద్దడి వస్తుంది. పైరుకూ చెట్టుకూ వచ్చేది బెట్ట. "బెట్టను తట్టుకునే రకం" అని రైతులూ అంటారు, వ్యవసాయ పుస్తకాలూ రాస్తాయి. నిమ్మ, బత్తాయి తోటల్లో కొన్నాళ్లు కావాలనే నీళ్లు ఆపుతారు, తర్వాత నీళ్లు పెడితే పూత బాగా వస్తుందని. దాన్ని తోటను బెట్టకు గురిచేయడం అంటారు. కరువుకు గురిచేశామని చెబితే ఆ రైతే నవ్వుతాడు.

"బెట్టకు ఆకు రాల్చి మోడువారిన చెట్లు వానలు పడగానే చిగురించాయి" అని మార్చుకోండి. మీ మిత్రుడు ఇంకా ఒప్పుకోకపోతే గోటి పరీక్ష ఆయననే చేయమనండి.